'ఫెన్సెస్' నాటకంలో కంచె, బేస్‌బాల్, ట్రంపెట్: పరీక్షకు ఎలా రాయాలి, అసలు ఎలా చదవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎం.ఏ. ఇంగ్లిష్‌లో మీకు అమెరికా నల్లజాతి నాటకకర్త ఆగస్ట్ విల్సన్ రాసిన 'ఫెన్సెస్' (కంచెలు) పాఠ్యంగా ఉంది. గైడులో "కంచె అంటే రక్షణ, విభజన, బేస్‌బాల్ అంటే అమెరికన్ కల, ట్రంపెట్ అంటే విశ్వాసం" అని ఒక పట్టిక ఇచ్చారు. అది బట్టీపడితే సరిపోతుందా? ఆ పట్టికకూ 1950ల నాటి సామాజిక నేపథ్యానికీ ఏమిటి సంబంధం? కన్నకొడుకు అవకాశాన్ని చేతులారా పాడుచేసిన ట్రాయ్ మాక్సన్‌ని ట్రాజిక్ హీరో అని ఎలా అంటాం?

ముందు సూటిగా చెబుతాను. పట్టిక చాలదు. అందులో అబద్ధం ఏమీ లేదు, కానీ దానితో నాటకం అర్థం కాదు. ఈ నాటకంలో ప్రతీకలన్నీ దాదాపు ఒకే సంగతిని కొలుస్తాయి: బయట నడుస్తున్న కాలానికీ, ట్రాయ్ తలలో ఆగిపోయిన కాలానికీ మధ్య ఉన్న ఎడం. తెల్లవాళ్లు నల్లపిల్లాడిని ఆటలో పైకి రానివ్వరని ట్రాయ్ అంటాడు. 1930ల్లో అది నూటికి నూరుపాళ్లు నిజం. 1957కి వచ్చేసరికి సగం నిజం. ఆ సగాన్ని పూర్తి నిజంగా తెచ్చి కొడుకు నెత్తిన పెట్టాడు. ట్రాజెడీ అక్కడుంది, సామాజిక నేపథ్యమూ అక్కడే ఉంది. మీరు వాటిని రెండు వేర్వేరు ప్రశ్నలుగా చదువుతున్నారు కాబట్టి చిక్కుపడుతున్నారు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కథ కొంచెం. 1957, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఓ నల్లజాతి కుటుంబం, వాళ్ల పెరడు. ట్రాయ్‌కి 53 ఏళ్లు, చెత్త లారీ మీద పని. ఒకప్పుడు నల్లజాతివాళ్ల లీగుల్లో పేరున్న బేస్‌బాల్ ఆటగాడు. భార్య రోజ్. 17 ఏళ్ల కొడుకు కోరీకి ఫుట్‌బాల్‌లో కాలేజీ అవకాశం తలుపు తడుతోంది. ట్రాయ్ కోచ్‌తో మాట్లాడి ఆట మాన్పిస్తాడు. మరోపక్క ఆల్బర్టా అనే ఆవిడతో సంబంధం పెట్టుకుంటాడు. ఆమె ప్రసవంలో చనిపోతుంది, బిడ్డను రోజ్ పెంచుతుంది. కోరీ ఇల్లు విడిచి వెళ్లిపోతాడు. చివరి సీను 1965లో, ట్రాయ్ అంత్యక్రియల రోజు. 1987లో బ్రాడ్‌వేకి వచ్చి ఆ ఏడాదే పులిట్జర్, టోనీ రెండూ తెచ్చుకున్న నాటకం ఇది. ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కో దశాబ్దానికి ఒకటి చొప్పున విల్సన్ పది నాటకాలు రాశాడు. వాటిలో తొమ్మిది ఆయన పుట్టిన పేట, పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్‌లోనే జరుగుతాయి. ఇది 1950ల నాటకం.

కంచె దగ్గర "దేనికి ప్రతీక" అని ఆగిపోకండి. ఎప్పుడు ఎంతవరకు కట్టారో చూడండి. కంచె కట్టమని అడిగింది రోజ్. ట్రాయ్ నెలల తరబడి దాన్ని లాగుతూనే ఉంటాడు. ట్రాయ్ స్నేహితుడు, లారీ మీద తోటి పనివాడు బోనో ఒక మాట అంటాడు, గైడులన్నీ ఎత్తి రాసేది దాన్నే: కొందరు జనాన్ని బయట ఉంచడానికి కంచె కడతారు, కొందరు లోపల నిలుపుకోవడానికి కడతారు. రోజ్ రెండో రకం అని అతని ఉద్దేశం. అయితే ఆమెకు అంత పట్టుదల ఎందుకో చాలామంది పట్టించుకోరు. ఆల్బర్టా గర్భవతి అని తెలిసిన సీనులో రోజ్ తన పుట్టింటి సంగతి చెబుతుంది. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి తండ్రో తల్లో వేరు, అంతా సగం సగం బంధుత్వమే. తన ఇంట్లో అలా సగం ఏదీ ఉండకూడదనుకుంది. కంచె ఆ కోరికకు కొలత. ఆ సీనులోనే ఆ కోరిక కూలిపోతుంది.

మరి ట్రాయ్ ఎప్పుడు కంచె పూర్తిచేస్తాడు? ఆల్బర్టా చనిపోయిన కబురు వచ్చాక. ఒంటరిగా నిలబడి మృత్యువుని సవాలు చేస్తాడు: నాది అనుకున్నదాని చుట్టూ కంచె కడతాను, నువ్వు అవతలే ఉండు అని. రోజ్ మనుషుల్ని లోపల ఉంచుకుందామని అడిగిన కంచెను ట్రాయ్ చావును బయట ఉంచడానికి కట్టాడు. కట్టిన తర్వాత అది చేసిన పని ఇంకొకటి. కోరీని బయటికి గెంటేసినప్పుడు, నా సామాన్ల కోసం వస్తానని కోరీ అంటే, అవి ఆ కంచె అవతల ఉంటాయని ట్రాయ్ జవాబు. అంటే కంచె పూర్తయ్యాక మన కళ్లెదుట అది ఆపిన మొదటి మనిషి సొంత కొడుకు. ఈ మూడు దశలు రాస్తే "రక్షణ, విభజన" అన్న రెండు మాటలు విడిగా రాయక్కర్లేదు.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమనిపించేది. ఆ కంచె ఏ ఇంటి చుట్టూ ఉంది? ట్రాయ్ తమ్ముడు గేబ్రియల్ రెండో ప్రపంచయుద్ధంలో తలకు దెబ్బ తగిలి మతి చెదిరి వచ్చాడు. తలలో లోహపు రేకు వేశారు. ప్రభుత్వం 3,000 డాలర్లు పరిహారం ఇచ్చింది. ఆ డబ్బుతోనే ఈ ఇల్లు. ఈ సంగతి ట్రాయ్ స్వయంగా సిగ్గుపడుతూ ఒప్పుకుంటాడు. "నాది" అని అతను కంచె కట్టుకున్నది తమ్ముడి పగిలిన తలతో వచ్చిన ఇంటికి. ఏళ్ల తరబడి చెత్త ఎత్తినా సొంత జీతంతో అతను ఇల్లు కొనలేకపోయాడు. 1950ల నల్లజాతి కార్మికుడి ఆర్థిక స్థితి గురించి గైడులో రెండు పేజీలున్నా ఈ ఒక్క వివరం ముందు దిగదుడుపే. తర్వాత అదే తమ్ముడిని ఆసుపత్రిలో పెట్టడానికి ట్రాయ్ కాగితం మీద సంతకం చేస్తాడు. అతని డబ్బులో సగం ఆసుపత్రికి, సగం ట్రాయ్‌కి. చదువు రాదు, ఏం రాసుందో తెలియదని అంటాడు. రోజ్ నమ్మదు. మీరు నమ్ముతారో లేదో మీ ఇష్టం, విల్సన్ తేల్చి చెప్పలేదు.

బేస్‌బాల్. మన విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఆట తెలియకపోవడం వల్ల. రెండు నియమాలు తెలిస్తే చాలు. ఒకటి: బ్యాట్ ఊపి బంతి తగలకపోతే అది స్ట్రయిక్, మూడు స్ట్రయిక్‌లైతే అవుట్. రెండు: మైదానం చివర కంచె ఉంటుంది, బంతిని దాని మీదుగా కొడితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. శీర్షికలో ఈ అర్థం కూడా దాగుంది. కంచెలు దాటించి కొట్టడమే ఒకప్పుడు ట్రాయ్ విద్య.

ట్రాయ్ కోరీని ఆటభాషలోనే హెచ్చరిస్తాడు. కోచ్‌తో మాట్లాడి నా అవకాశం పోగొట్టావని నిలదీసినప్పుడు మొదటి స్ట్రయిక్. తండ్రి తల్లి చెయ్యి మెలిపెడుతుంటే అడ్డుపడినప్పుడు రెండోది. మూడోది పెరట్లో కొట్లాట, అప్పుడు బ్యాట్ నిజంగానే చేతుల్లోకి వస్తుంది. కోరీ బ్యాట్ ఊపుతాడు, తగలదు. ట్రాయ్ లాక్కుంటాడు, కొట్టకుండా ఆగుతాడు, బయటికి పొమ్మంటాడు. గమనించండి: ఆట నియమాలు పెట్టేవాడూ ట్రాయే, అంపైరూ ట్రాయే. తనకు ఒకప్పుడు ఎవరు ఎలా చేశారో అచ్చంగా అదే.

నేపథ్యం ఇక్కడ కలపాలి. అమెరికా పెద్ద లీగుల్లో నల్లజాతివాళ్లకు దశాబ్దాలపాటు ప్రవేశం లేదు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగడంతో ఆ గీత చెరిగింది. అప్పటికి ట్రాయ్‌కి నలభై దాటాయి. నువ్వు కాస్త ముందు పుట్టావు అని బోనో, రోజ్ సర్దిచెబితే అతనికి మండుతుంది. ఆడగలిగినవాడికి "ముందు" అనే మాట ఉండనే కూడదంటాడు. ఆ కోపం న్యాయమైనది. తన బ్యాటింగ్ సగటు .432 (ఇది ఎంత ఎక్కువైతే అంత మంచి ఆటగాడు), 37 హోమ్ రన్‌లు. యాంకీస్ అనే పెద్ద లీగు జట్టులో ఆడే తెల్ల ఆటగాడు సెల్కర్క్‌ది .269, అయినా అతనికి చోటుంది అని లెక్క చెబుతాడు. జాష్ గిబ్సన్ కూతురు చిరిగిన చెప్పులతో తిరుగుతుంటే చూశానంటాడు. గిబ్సన్ నిజంగా ఉన్న మనిషి. పిట్స్‌బర్గ్‌లోనే ఆడిన గొప్ప హిట్టర్, రాబిన్సన్ బరిలోకి దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్లకే పోయాడు. ట్రాయ్ పక్కన ఆయన పేరు పెట్టడంలో విల్సన్ ఉద్దేశం తేటతెల్లం.

అయితే అదే 1957లో మిల్వాకీ బ్రేవ్స్ జట్టు బేస్‌బాల్‌లో అత్యున్నత పోటీ వరల్డ్ సిరీస్ గెలిచింది, నల్లజాతి ఆటగాడు హాంక్ ఆరన్ ఆ జట్టులో ఉన్నాడు. కోరీ ఆరన్ పేరెత్తితే ట్రాయ్ తీసిపారేస్తాడు. లోకం మారిందనడానికి కళ్లెదుట సాక్ష్యం ఉన్నా అతనికి కనబడదు.

ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అతని ఉద్యోగంలోనే ఉంది. నల్లవాళ్లం చెత్త ఎత్తడానికి, తెల్లవాళ్లు లారీ నడపడానికి ఎందుకని ట్రాయ్ పైవాళ్లని అడిగాడు, యూనియన్ ద్వారా వెళ్లాడు, గెలిచాడు. డ్రైవర్ అయ్యాడు. (అతనికి లైసెన్సే లేదు! ఈ చిన్న హాస్యం వదలకండి.) తన పోరాటంతో తానే ఒక తలుపు తెరిచినవాడు, సరిగ్గా ఆ రోజుల్లోనే, తలుపులు తెరుచుకోవని కొడుక్కి చెబుతున్నాడు. నా దృష్టిలో నాటకం మొత్తానికి ఇరుసు ఇదే. ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను, దీన్ని పట్టుకున్న జవాబు అరుదుగా కనిపిస్తుంది. పైగా ఆ గెలుపు కూడా అతన్ని ఒంటరిని చేసింది. ఇదివరకు లారీ వెనక బోనోతో కబుర్లాడుతూ పోయేవాడు. ఇప్పుడు ముందు సీట్లో మాట్లాడడానికి ఎవరూ లేరు.

ఇక డబ్బు. ఇది గైడుల్లో మోటిఫ్‌గా (పదేపదే వచ్చే అంశంగా) కనబడదు, కానీ నాటకం మొదలయ్యేదే జీతం రోజున, శుక్రవారం సాయంత్రం. ట్రాయ్ 76 డాలర్ల 42 సెంట్లు తెచ్చి రోజ్ చేతిలో పెడతాడు. పెద్దకొడుకు లయన్స్ పది డాలర్లు అప్పడగడానికి వస్తాడు. కోరీ టీవీ కొందామంటే ట్రాయ్ ఇంటికప్పు మరమ్మతు ఖర్చు లెక్క చెబుతాడు. రెండో అంకం చివర్లో మళ్లీ అలాంటి శుక్రవారమే, ట్రాయ్ ఒక్కడే తాగుతూ కూర్చుని ఉంటాడు. ఈ రెండు శుక్రవారాలను పక్కపక్కన పెట్టి ఒక పేరా రాస్తే పరీక్షకుడు మీ పేపరు దగ్గర ఆగుతాడు.

"నేనంటే నీకెందుకు ఇష్టం లేదు" అని కోరీ అడిగే సీను క్లాసులో చదివించినప్పుడల్లా ఒకటే జరుగుతుంది. నువ్వు తింటున్నావు, నీ నెత్తిన కప్పుంది, అది నా బాధ్యత కాబట్టి చేస్తున్నాను, ఇష్టపడాలని ఏ చట్టంలో ఉంది అని ట్రాయ్ అంటాడు. అబ్బాయిల్లో సగంమంది ట్రాయ్ పక్షం చేరతారు. మా నాన్నా ఇంతే అనేవాళ్లు ఉంటారు. అమ్మాయిలు ఎక్కువగా రోజ్ మాటల కోసం ఎదురుచూస్తారు. ఇద్దరిదీ సరైన స్పందనే. ఆ సీను అలా చీల్చడానికే రాశాడు. ట్రాయ్ అక్కడ చెబుతున్నది క్రూరంగా వినిపిస్తుంది గానీ, అది తన తండ్రి నుంచి అతనికి దక్కిన ఏకైక ఆస్తి. ఆ తండ్రి దక్షిణాదిలో లూబిన్ అనే భూస్వామి పొలంలో పంట వాటాకు సేద్యం చేస్తూ, అప్పులో కూరుకుపోయి, పదకొండుమంది పిల్లల్ని వదిలిపోకుండా పోషించాడు. అదే తండ్రి ట్రాయ్‌ని పద్నాలుగేళ్లప్పుడు రక్తం వచ్చేలా కొట్టాడు. ట్రాయ్ ఇల్లు విడిచి కాలినడకన అలబామాలోని మొబైల్ అనే ఊరు చేరి, అక్కడినుంచి ఉత్తరాదికి వచ్చాడు. 1910ల నుంచి 1970 వరకు దాదాపు 60 లక్షలమంది నల్లజాతివాళ్లు దక్షిణాది వదిలి ఉత్తర, పశ్చిమ నగరాలకు వెళ్లారు. వాళ్లలో ఇతనొకడు. వచ్చి చూస్తే పని లేదు, ఇల్లు లేదు, వంతెన కింద గుడిసెల్లో బతుకు. దొంగతనం, ఒక హత్య, 15 ఏళ్ల జైలు. బేస్‌బాల్ నేర్చుకున్నది జైల్లో. పుస్తకంలో మొదటి సీనుకు ముందు విల్సన్ రాసిన చిన్న పరిచయం ఉంటుంది: యూరప్ నుంచి వచ్చిన వలసజనాన్ని ఈ నగరం ఎలా చేరదీసింది, బానిసల వారసుల్ని ఎలా తోసేసింది అని. మీ వాళ్లు దాన్ని ఫోటోకాపీలో వదిలేసి ఉంటే సంపాదించి చదవండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చెత్త ఎత్తే పని ఎవరిది, బండి నడిపే పని ఎవరిది అన్న ప్రశ్న చూడగానే మన పారిశుధ్య కార్మికులు, కులం గుర్తొస్తాయి. రావాలి కూడా, ఆ పోలిక నిజాయితీ అయినదే. కానీ జవాబు మొత్తాన్ని దాని మీద నిలబెడితే బానిసత్వం, వాటా సేద్యం, వలస అన్న ప్రత్యేక చరిత్ర మాయమైపోతుంది. ఒక వాక్యం రాసి తిరిగి పిట్స్‌బర్గ్‌కి వెళ్లండి. పిట్స్‌బర్గ్ అంటే గుర్తొచ్చింది: 1956లో హిల్ డిస్ట్రిక్ట్ కింది భాగాన్ని పట్టణాభివృద్ధి పేరుతో కూల్చడం మొదలైంది. సుమారు 8,000 మంది ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది, ఆ స్థలంలో 1961లో పెద్ద అరీనా తెరిచారు. నాటకంలో దీని ప్రస్తావన లేదు, కాబట్టి "విల్సన్ దీన్ని చూపించాడు" అని రాయకండి. కూలుతున్న పేటలో ఒకడు పెరటికి కంచె కడుతున్నాడు అన్న దృశ్యం మీ మనసులో ఉంటే చదువు చిక్కబడుతుంది, అంతే.

ట్రంపెట్ దగ్గర గైడు చెప్పింది మరీ చాలదు. గేబ్రియల్ తనను దేవదూత గేబ్రియల్ అనుకుంటాడు. నడుముకు పాత ట్రంపెట్ కట్టుకుని, తీర్పురోజున అది ఊది స్వర్గద్వారాలు తెరిపించాలని తిరుగుతుంటాడు. చివరి సీనులో అన్నకోసం ఊదుతాడు. దానికి నోట పెట్టుకుని ఊదే మొన లేదు. మూడుసార్లు ఊదినా శబ్దం రాదు. మన విద్యార్థులు అక్కడ ఆగి "విశ్వాసం విఫలమైంది" అని రాసేస్తారు. నాటకం అక్కడ ఆగలేదు కదా! గేబ్రియల్ నెమ్మదిగా ఒక వింత నాట్యం మొదలుపెడతాడు, పాటలాంటి అరుపు అరుస్తాడు, అప్పుడు ద్వారాలు తెరుచుకుంటాయి. చర్చి ఇచ్చిన వాయిద్యం మోగలేదు, దానికంటే పాతది, ఒంట్లో మిగిలిన ఆఫ్రికా జ్ఞాపకం పనిచేసింది. విల్సన్ రంగసూచన ఈ దిశగానే ఉంది. తన రచనకు మూలం బ్లూస్ సంగీతమని ఆయన తరచూ చెప్పుకునేవాడు కూడా.

దీన్ని పాటతో కలిపి చదవండి. బ్లూ అనే కుక్క గురించిన పాట ట్రాయ్ తండ్రిది. ట్రాయ్ పాడుకుంటాడు. చివర్లో, తండ్రి అంత్యక్రియలకు రానని మొండికేసిన కోరీ, ఆల్బర్టా బిడ్డ, ఏడేళ్ల రెనెల్‌తో కలిసి ఆ పాట పాడతాడు. ఎవరూ నేర్పించలేదు, ఇద్దరికీ వచ్చు. వారసత్వం అంటే ఆస్తి, దెబ్బలు, బాధ్యత మాత్రమే కాదని విల్సన్ ఉపన్యాసం లేకుండా చెప్పింది ఇక్కడ.

సరే, ట్రాయ్ ట్రాజిక్ హీరోయేనా? అవును, కానీ "మంచివాడు, ఒక్క లోపం" అన్న సూత్రంతో కాదు. అతను భార్యను మోసం చేశాడు, కొడుకును గెంటాడు, తమ్ముడి డబ్బు తిన్నాడు. ఇవి చిన్న లోపాలు కావు, సమర్థించే ప్రయత్నం చేయకండి. అతన్ని ఆ స్థాయికి లేపేది రెండు సంగతులు. ఒకటి, చావుని బంతిలా కొట్టగలనన్న ఆ పొగరు. 1941లో న్యుమోనియాతో పడి ఉన్నప్పుడు మృత్యువుతో మూడు రోజులు కుస్తీ పట్టానని కథ చెబుతాడు, నమ్మించేస్తాడు కూడా. చివరికి పెరట్లో చెట్టుకు వేలాడే గుడ్డల బంతిని కొట్టబోతూనే పోయాడు. రెండోది, తనను ఆపిన గోడని ద్వేషిస్తూ ద్వేషిస్తూ కొడుకు ముందు తానే గోడ కావడం. కొడుకు నాలా దెబ్బతినకూడదన్న ప్రేమ, నాకు దక్కనిది వాడికి ఎలా దక్కుతుందన్న అసూయ, రెండూ అందులో కలిసిపోయాయి. కోరీ రెండోదే చూశాడు. రోజ్ మొదటిదీ చూసింది. మీ జవాబులో రెండూ ఉండాలి.

రోజ్ గురించి ఒక్కమాట. ఆమె త్యాగమూర్తి అని రాసేవాళ్లు బిడ్డను తీసుకునేటప్పుడు ఆమె అన్నది మళ్లీ చదవాలి. ఈ బిడ్డకు ఇకనుంచి తల్లి ఉంది, నీకు మాత్రం భార్య లేదు అంటుంది. అది తీర్పు.

2016 సినిమా చూసి రాయవచ్చా అని కూడా అడిగారు. చూడండి, బాగుంది, డెంజెల్ వాషింగ్టన్, వయోలా డేవిస్ 2010లో రంగస్థలం మీద ఇవే పాత్రలు వేసినవాళ్లు. కానీ సినిమా లారీ మీద, వీధిలో మొదలవుతుంది. నాటకంలో మనం పెరడు దాటి ఎక్కడికీ వెళ్లం. ఆల్బర్టాని చూడం, ఆఫీసుని చూడం, కోరీ ఆడే మైదానాన్ని చూడం. కంచె గురించి రాస్తూ ఈ సంగతి మరిచిపోతే ఎలా? అందుకే ముందు పుస్తకం, తర్వాత సినిమా.

చివరగా, సంభాషణలు ఉదాహరించేటప్పుడు ట్రాయ్ వ్యాకరణాన్ని "సరిచేసి" రాయకండి. ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు చేస్తారు. అది పిట్స్‌బర్గ్ నల్లజాతి కార్మికుల నోటి భాష, విల్సన్ చెవితో విని రాసుకున్నది. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే దించండి, గుర్తులేకపోతే భావం మాత్రం రాసి కొటేషన్ గుర్తులు తీసేయండి.